పెరుగన్నం పెట్టినా తగ్గని దురద

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కుక్కల గోకుడు గురించే. మన నెల్లూరు, ఒంగోలు వైపు అక్టోబరు, నవంబరు ముసురు పట్టిందంటే ఇది మామూలే. అందుకని ఈసారి మిగతావన్నీ పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది నెల్లూరు వేదాయపాళెం. మా లాబ్రడార్ బ్రూనోకి మూడేళ్లు. పోయిన ఏడాది వానలప్పుడు గోక్కోవడం మొదలుపెట్టింది, ఇప్పటికీ ఆపలేదు. రాత్రిళ్లు దాని కాలు గచ్చుకి టకటకా కొట్టుకుంటుంటే ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. పాదాలు నాకి నాకి వేళ్ల సందులు ఎర్రబడిపోయాయి. చెవుల దగ్గర వాసన వస్తోంది. ఇంజెక్షన్ వేయిస్తే నాలుగు రోజులు బాగుంటుంది, మళ్లీ మామూలే. అలా ఐదు అయ్యాయి. చికెన్ వేడి చేసిందని మా అత్తగారు అంటే రెండు నెలల నుంచీ పెరుగన్నమే పెడుతున్నాం. ఏ షాంపూ వాడమంటారు?

జవాబు: అమ్మా, షాంపూ సంగతి తర్వాత. ముందు ఆ ఐదు ఇంజెక్షన్ల చీటీలు ఇంట్లో ఉంటే బయటికి తీయండి. నాలుగు రోజులు హాయిగా ఉండి మళ్లీ మొదలైందంటే అది స్టెరాయిడ్ అయ్యుండటానికే ఎక్కువ అవకాశం. స్టెరాయిడ్ విషమేమీ కాదు, నవతో పిచ్చెత్తిపోతున్న కుక్కలకి నేనూ వాడాను, కానీ అది దురదని అణుస్తుందే తప్ప దురద ఎందుకొచ్చిందన్న దాని జోలికి పోదు. ఊరికే వేయిస్తూ పోతే కుక్క బిందెడు నీళ్లు తాగుతుంది, ఇంట్లోనే పాసు పోస్తుంది, లావెక్కుతుంది, చర్మంలో ఉన్న ఇన్ఫెక్షన్ ఇంకా ముదురుతుంది. ఇంజెక్షన్‌తో పాటు బిళ్లలు కూడా ఇచ్చి ఉంటే మాత్రం ఇది చదివి టక్కున ఆపేయకండి, వాటిని డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి.

ఇక అత్తగారి మాట. మన వైపు కుక్కకి ఏమొచ్చినా "వేడి చేసింది" అనేస్తాం. ఆవిడని తప్పుపట్టను, చికెన్ మీద అనుమానం రావడం మంచిదే, కుక్కల్లో తిండి వల్ల వచ్చే ఎలర్జీకి చికెన్ కూడా ఒక ముఖ్య కారణం. కానీ ఆ వరసలో పాలు, పెరుగు కూడా ఉన్నాయి, గొడ్డు మాంసం, గోధుమలు కూడా ఉన్నాయి. అంటే చలవ చేస్తుందని మీరు పెడుతున్నదే దురద పెంచుతూ ఉండొచ్చు. పైగా రెండు నెలలు ఒట్టి పెరుగన్నం మీద ఉంటే లాబ్రడార్‌కి మాంసకృత్తులు, కొవ్వు చాలవు, బొచ్చు ఎండు గడ్డిలా తయారవుతుంది, ఆ పొడి చర్మానికి ఇంకో రకం దురద.

అయితే తిండి దాకా పోకముందు చూడాల్సినవి ఉన్నాయి. కుక్క ఎక్కడ గోక్కుంటోందన్నదే సగం జవాబు. తోక మొదలు, నడుం వెనక భాగం కొరుక్కుంటుంటే పేలు (ఫ్లీస్). చెవి అంచులు, మోచేతులు, పొట్ట కింద అయితే గజ్జి. పాదాలు, చంకలు, గజ్జలు, మొహం, చెవులు అయితే ఎలర్జీ. పిర్రలు నేలకేసి ఈడుస్తుంటే మలద్వారం పక్కన ఉండే సంచులు నిండాయేమో చూడాలి. మీ బ్రూనో పాదాలు నాకుతోంది, చెవి వాసన వస్తోంది, రెండేళ్ల వయసులో మొదలైంది. గాలిలో ఉండే దుమ్ము పురుగులు, బూజు, గడ్డి పుప్పొడి పడక వచ్చే ఎలర్జీ మామూలుగా ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపే బయటపడుతుంది కాబట్టి నా అనుమానం అటే పోతోంది. అనుమానమే, ఉత్తరం చూసి ఖాయంగా చెప్పడం కుదరదు.

ఈ రాత్రే ఒక పని చేయండి. పేల దువ్వెన ఉంటుంది కదా, దాంతో తోక మొదట్లో బొచ్చుని చర్మానికి ఆనించి నాలుగైదు సార్లు దువ్వి, రాలిన నల్ల పొడిని తడి చేసిన తెల్ల గుడ్డ మీద దులపండి. ఒక్క నిమిషం ఆగండి. మట్టి అయితే మట్టిలాగే ఉంటుంది. చుట్టూ తుప్పు రంగు మరక పాకిందంటే అది పేలు తాగి విసర్జించిన నెత్తురు. "మా కుక్క గడప దాటదు, దానికి పేలేంటి" అని చాలామంది కొట్టిపారేస్తారు. నవ పెట్టిన కుక్క వాటిని కొరికి మింగేస్తుంది కాబట్టి కంటికి ఒక్కటీ కనపడకపోవచ్చు. కుక్క మీద కనపడేవి పిసరంతే, గుడ్లు, పిల్లలు అన్నీ దాని పరుపులో, సోఫా సందుల్లో ఉంటాయి. అందుకని కుక్కకి మందు వేసి పరుపు వేడి నీళ్లలో ఉతక్కపోతే పని సగమే అయినట్టు. గజ్జి అనుమానం ఉంటే చెవి అంచుని బొటనవేలు, చూపుడు వేలు మధ్య పెట్టి కాసేపు రుద్దండి, వెనక కాలు దానంతటదే గోకుతున్నట్టు ఆడితే డాక్టరుకి ఆ సంగతి తప్పకుండా చెప్పండి.

చెవిలో వాసన, వేళ్ల మధ్య జిడ్డు ఉన్నాయంటే ఈస్ట్ అనే ఒక రకం శిలీంధ్రం కూడా చేరి ఉండొచ్చు. మన ముసురుకి, ఉక్కకి దానికి పండగే. పులిసిన పిండి లాంటి వాసన, చర్మం నల్లగా మందంగా ఏనుగు తోలులా అవడం, గోధుమ రంగు గుబిలి, ఇవి గుర్తులు. డాక్టరు ఒక సెలోటేపు ముక్క చర్మానికి అంటించి తీసి, రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది. ఈ పరీక్ష అడిగి మరీ చేయించుకోండి. ఈస్ట్‌ని అలాగే వదిలి ఎలర్జీకి ఎన్ని మందులు వాడినా దురద తగ్గదు. మీ దగ్గర ఆ పరీక్ష కుదరకపోతే తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి ఒకసారి తీసుకెళ్లడం, ఆరో ఇంజెక్షన్ కన్నా నయం.

పేలు లేవు, గజ్జి లేదు, ఇన్ఫెక్షన్ తగ్గింది, అయినా గోక్కుంటోంది అంటే అప్పుడు తిండి పరీక్ష. ఇంతవరకు బ్రూనో ఎప్పుడూ తినని మాంసం ఏదైనా ఒక్కటి ఎంచుకుని, దాంతో పాటు అన్నమో చిలగడదుంపో పెట్టి, ఎనిమిది వారాలు అదే. చేపలైతే మన నెల్లూరు కుక్క తినకుండా ఉండి ఉండదు కాబట్టి బాగా గుర్తు చేసుకుని ఎంచుకోండి. చెప్పడానికి తేలికే. నాకు తెలిసిన ఇళ్లలో ఈ పరీక్ష చెడగొట్టేది కుక్క కాదు, తాతగారు. పొద్దున టీతో పాటు సగం బిస్కెట్టు జారవిడుస్తారు, "ఇంత ముక్కకి ఏమవుద్దిలే" అంటారు. ఏమవుద్దంటే ఎనిమిది వారాల కష్టమూ గాలికి పోవుద్ది. దురద తగ్గితే మళ్లీ పాత తిండి పెట్టి చూడాలి, రెండు వారాల్లోపు నవ తిరగబెడితే అప్పుడు దొంగ దొరికినట్టు. తిండి కాదని తేలితే గాలిలోంచి వచ్చే ఎలర్జీయే, అది పూర్తిగా పోదు, అదుపులో పెట్టుకోవాలి. దానికి ఒక్లాసిటినిబ్ లాంటి కొత్త బిళ్లలు వచ్చాయి, ఖరీదు ఎక్కువే, డాక్టరు చీటీ లేకుండా వాడేవి కావు.

ఇప్పుడు షాంపూ. క్లోర్‌హెక్సిడిన్ ఉన్న కుక్కల షాంపూ, ఈస్ట్ ఉందని తేలితే దాంతో పాటు మైకోనజోల్ కూడా ఉన్నది తీసుకోండి, మొదట్లో వారానికి రెండుసార్లు. చల్లటి నీళ్లే వాడండి, వేణ్నీళ్లు పోస్తే నవ రెచ్చిపోతుంది. నురగ పట్టించి పది నిమిషాలు ఆగాలి. ఈ పది నిమిషాలు ఎవరూ ఆగరు, అందుకే షాంపూ పనిచేయలేదంటారు. ఫోన్లో టైమరు పెట్టుకుని పక్కనే కూర్చుని కబుర్లు చెప్పండి. మీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఆఖరి రెండు మగ్గులు మంచినీళ్లు పోసి, వేళ్ల సందులు, చెవి తమ్మెల కింద తుండుతో పొడిగా అద్దండి. తడి అక్కడ నిలిచిందంటే మళ్లీ మొదటికే. బయట తిరిగొచ్చాక పాదాలు కడిగి తుడవడం ఒక్కటే చాలా కుక్కలకి ఎంతో ఉపశమనం. రాత్రి మరీ గోక్కుంటుంటే తడిపి పిండిన చల్లటి గుడ్డ ఐదు నిమిషాలు ఆనించండి, గోళ్లు కత్తిరించండి, నాక్కోకుండా మెడకి గరాటా లాంటి కోన్ తగిలించండి. చూడ్డానికి జాలేస్తుంది, పుండు చూస్తే ఇంకా జాలేస్తుంది. మన షాంపూలు, తామరకి పూసుకునే ట్యూబులు మాత్రం వద్దు. పూసిన రెండో నిమిషంలో అది పొట్టలోకి పోతుంది.

ప్రశ్న: మాది టంగుటూరు దగ్గర పల్లె. పొగాకు వేస్తాం, రెండు గేదెలున్నాయి. మా నాటుకుక్క నల్లోడి చెవుల నిండా గోమార్లు (పిడుదులు). గేదెల నుంచే పట్టాయంటున్నారు. పొగాకు నానబెట్టిన నీళ్లు పోస్తే చస్తాయని పెద్దోళ్ల మాట. లేదంటే గేదెలకి కొట్టే మందే దీనికీ కొట్టొచ్చా?

జవాబు: అయ్యా, పొగాకు నీళ్ల బకెట్టు పక్కన పెట్టేయండి ముందు. గోమార్లు చస్తాయి, నిజమే, నల్లోడు కూడా చావొచ్చు. పొగాకులో ఉండే నికోటిన్ చర్మంలోంచి లోపలికి దిగుతుంది, తడిసిన ఒళ్లు నాక్కుంటే నోట్లోంచి కూడా పోతుంది. ఒకసారి ఇలాగే పొగాకు నీళ్లు పోసిన కుక్కని గోతాంలో చుట్టి సైకిల్ వెనక కట్టుకుని తెచ్చారు. నోటి నుంచి చొంగ తాడులా వేలాడుతోంది, నాలుగు కాళ్లూ వణుకుతున్నాయి, ఒళ్లంతా పొగాకు ఆరబెట్టే బేరన్ వాసన. కడిగి, సెలైన్ పెట్టి, సాయంత్రం దాకా కూర్చున్నాం. దక్కలేదు. తెచ్చిన కుర్రాడు "పచ్చి ఆకు కొట్టిన రోజు మాకే కళ్లు తిరుగుతాయి మేడం, కుక్కకి ఎందుకు ఆలోచించలేదో" అని గోడకానుకుని కూర్చున్నాడు. మీకు తెలియని విషయం కాదు ఇది.

గేదెల మందు కూడా అంతే. గేదె బరువుకి లెక్క కట్టిన మందుని కళ్లతో కొలిచి కలిపి కుక్క మీద కొడితే ఎక్కువైనా ప్రమాదం, తక్కువైనా గోమార్లకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. కిరసనాయిలు, బండి లోంచి తీసిన ఆయిలు చర్మాన్ని కాలుస్తాయి. ఇంట్లో పిల్లి ఉంటే ఇంకో మాట, కుక్కలకి వీపు మీద వేసే పెర్మెత్రిన్ మందు పిల్లికి తగిలితే ప్రాణం పోతుంది.

గేదెల మీద నింద కూడా సరికాదు. గేదెలకి పట్టేది ఒక జాతి, కుక్కకి పట్టే గోధుమ రంగు గోమారు వేరే జాతి, అది కుక్క నెత్తురుకే అలవాటు పడింది. తాగి రాలిపోయి గోడ పగుళ్లలో, మంచం కోళ్ల సందుల్లో దూరుతుంది, ఒక్కో ఆడది వేలల్లో గుడ్లు పెడుతుంది, తిండి లేకుండా నెలల తరబడి కాచుక్కూర్చుంటుంది. అందుకే నల్లోణ్ణి శుభ్రం చేసిన వారానికే మళ్లీ నిండిపోతుంటాడు. వాడు పడుకునే చోట పగుళ్లు సిమెంటుతో పూడ్చండి, పాత గోతాలు తగలబెట్టండి.

కనపడిన వాటిని పట్టకారుతో చర్మానికి ఆనుకుని పట్టుకుని తిన్నగా లాగి స్పిరిట్‌లో వేయండి, గోళ్ల మధ్య నలపకండి. చెవుల లోపల, పట్టీ కింద, కాలి వేళ్ల మధ్య వెతకండి. ఆ తర్వాత బిళ్ల. అఫోక్సోలానర్ నెలకి ఒకటి, ఫ్లూరలానర్ పన్నెండు వారాలకి ఒకటి. కుక్క బరువు తూచి మరీ కొనాలి, ఫిట్స్ వచ్చే కుక్క అయితే ముందే డాక్టరుకి చెప్పాలి. ఒక బిళ్ల డబ్బు చూసి గుండె గుభేలుమంటుంది, ఒప్పుకుంటాను. కానీ గోమార్ల వల్ల వచ్చే జ్వరానికి వైద్యం చేయించిన వాళ్లని అడిగితే ఆ బిళ్లే చవకంటారు. నల్లోడు తిండి మానేసినా, చిగుళ్లు పాలిపోయినా, ముక్కు నుంచి నెత్తురు కారినా రేపు చూద్దాంలే అనుకోకండి, ఆ రోజే తీసుకెళ్లి రక్త పరీక్ష చేయించండి.

ప్రశ్న: కావలి నుంచి. వీధిలో దొరికిన మూడు నెలల కుక్కపిల్లని తెచ్చుకున్నాం. చెవులు, మోచేతుల దగ్గర బొచ్చు ఊడి పొక్కులు కట్టాయి, తెగ గోక్కుంటోంది. ఇప్పుడు అమ్మ చేతుల మీద, పొట్ట మీద ఎర్రటి గుల్లలు. వేపాకు రుద్దమంటున్నారు.

జవాబు: నువ్వు చెప్పిన తీరు చూస్తే గజ్జి పురుగులా ఉంది తల్లీ. తామర అయినా అయ్యుండొచ్చు, రెండూ మనకి అంటుకునేవే. కుక్కల గజ్జి పురుగు మన చర్మం మీద ఎక్కువ కాలం బతకలేదు, కుక్కపిల్లకి వైద్యం అయితే అమ్మకి కూడా సాధారణంగా సర్దుకుంటుంది. అయినా అమ్మని ఒకసారి చర్మం డాక్టరుకి చూపించండి, ఇంట్లో కుక్క ఉందన్న సంగతి చెప్పండి. డెమోడెక్స్ అని ఇంకో రకం గజ్జి పురుగు ఉంది, కుక్కపిల్లలకి వస్తుంది, మొహం మీద గుండ్రంగా బొచ్చు ఊడుతుంది కానీ మొదట్లో అంత దురద ఉండదు, మనకి అంటదు. ఏదన్నది చర్మం గీకి చూస్తే తెలుస్తుంది. వేపాకు వేసి కాచి చల్లార్చిన నీళ్లు పోస్తే తప్పేం లేదు, దాంతోనే తగ్గిపోతుందని కూర్చోకూడదు, అంతే. వేపనూనె మాత్రం వద్దు, నాకితే వాంతులు. పిల్లని ఒడిలో పెట్టుకోవడం కూడా కొన్నాళ్లు ఆపు. కష్టమే, తెలుసు.

ప్రశ్న: దురదకి మనం వేసుకునే సెట్రిజిన్ కుక్కకి వేయొచ్చా? (ఒంగోలు)

జవాబు: కొన్నింటికి కొంచెం పనిచేస్తుంది, చాలావాటికి చేయదు. డాక్టరు బరువు చూసి చెప్తే ఒట్టి సెట్రిజిన్ వేయొచ్చు, జలుబుకి వాడే కలిపిన బిళ్ల మాత్రం పొరపాటున కూడా కాదు, అందులోని ముక్కు దిబ్బడ మందు కుక్క గుండెని పరిగెత్తిస్తుంది. ఇబుప్రోఫెన్, పారాసెటమాల్ కూడా మీ అంతట మీరు వేయకండి. మెడికల్ షాపులో అడిగేటప్పుడు కుక్కకని చెప్పి అడగండి, మీకేమో అనుకుని కలిపిన బిళ్లే చేతిలో పెట్టేస్తారు.