టాంజానియా వెళ్తున్న సౌమ్యకు

సౌమ్యా,

1905లో జర్మన్ పాలన మీద అక్కడి జనం లేవదీసిన ‘మాజీ మాజీ’ తిరుగుబాటు మీద పీహెచ్‌డీ చేయడానికి టాంజానియా వెళ్తున్నావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఇన్నాళ్లూ మన ఇంట్లో ఆఫ్రికా అంటే నేనూ మీ పెదనాన్నా అక్కడ పాఠాలు చెప్పి తెచ్చుకున్న జీతాలే. ఇప్పుడు వాళ్ల చరిత్ర కోసం మన పిల్ల బయల్దేరుతోంది. గర్వంగానే ఉంది కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు.

ఎల్లో ఫీవర్ టీకా వేయించుకో. దోమతెర పెట్టుకో. రీసెర్చ్ పర్మిట్‌కి కోస్టెక్‌లో, అంటే అక్కడి సర్కారు సైన్స్ కమిషన్‌లో, ఇప్పుడే దరఖాస్తు చెయ్యి. ఇంగ్లిష్‌తో నెట్టుకొస్తానంటే ఊరుకోను, స్వాహిలీ నేర్చుకో.

నా టెన్షన్ వేరే. మేం టాంజానియా తీరంలో కిల్వా వైపు పనిచేసే రోజుల్లో ఓ విదేశీ పరిశోధకుడు టేప్ రికార్డర్ మోసుకుంటూ వచ్చాడు. మంచివాడే, మా ఇంట్లో చారన్నం లొట్టలేసుకుంటూ తిన్నాడు. 1905 నాటికి చిన్నపిల్లగా ఉన్న ఓ ముసలమ్మ దగ్గరికి వెళ్తుంటే నేనూ తోడెళ్లాను. ఆవిడ పత్తితో మొదలుపెట్టింది. వాళ్ల నాన్నను సొంత చేను వదిలించి, సర్కారు పత్తిలో పనికి తోలడం, ఎదురు చెబితే కొరడా. ఈయన టక్కున టేపు ఆపేశాడు. తూటాలను నీళ్లుగా మార్చే మందు గురించి చెప్పమన్నాడు. రెండు ముక్కల్లో చెప్పేసి, యుద్ధం తర్వాత అడవి దుంపలు తవ్వుకుతిన్న సంగతి ఎత్తుకుంది. మళ్లీ ఆపేశాడు! టేపు వృథా అవుతుందట.

కిన్జికిటిలే అనే ప్రవక్త ఆ నీళ్ల మందు ఇచ్చిన మాట నిజమే, స్వాహిలీలో ‘మాజీ’ అంటే నీళ్లే. దాన్నే పట్టుకుని, మంత్రగాళ్లు రెచ్చగొట్టారని జర్మన్ గవర్నర్ గోట్జెన్ రాసుకున్నాడు. ఆయనకు అలా చెప్పుకోవడమే సుఖం. మటుంబి కొండల్లో జనం మొదట చేసిన పని పత్తి మొక్కలు పీకెయ్యడం, అక్కణ్నుంచి మొదలుపెట్టు. దుంపల దాకా వెళ్లు. పంటలూ గాదెలూ తగలబెట్టి జర్మన్లే కరువు తెచ్చారు. వాళ్ల లెక్కలోనే చచ్చినవాళ్లు 75,000. తర్వాతి చరిత్రకారులు రెండున్నర నుంచి మూడు లక్షలంటారు.

1968లో దార్ ఎస్ సలాం విద్యార్థులు ఊళ్లకు వెళ్లి పెద్దల మాటలు రాసుకొచ్చారు. బెర్లిన్‌లోని జర్మన్ సర్కారు కాగితాల కంటే ముందు అవి చదువు. ఇంకోటి, మనమూ తెల్లవాళ్ల కింద నలిగినవాళ్లమేగా అని అక్కడ చుట్టరికం కలుపుకోకు. ఆ తిరుగుబాటులో సమంగా అనే ఊళ్లోని మనవాళ్ల దుకాణాలు కూడా తగలబెట్టారు. ఎందుకో కనుక్కో, థీసిస్‌లో రాయి, దాటెయ్యకు.

ఆ ముసలమ్మ మనవడు నా క్లాసులోనే ఉండేవాడు. సెలవుల తర్వాత వచ్చినప్పుడల్లా “టీచర్, నానమ్మ టేపు వచ్చిందా?” అని అడిగేవాడు. రాలేదురా అనేదాన్ని. మేం తిరిగొచ్చేసే దాకా రాలేదు. ఆ టేపులు ఏ దేశంలో, ఏ బీరువాలో ఉన్నాయో!

అందుకే అడుగుతున్నా, నీ రికార్డింగులు ఎవరి దగ్గరుంటాయి? ఆ ఊళ్లకు కాపీ వెళ్తుందా? ఊరివాళ్లు చదువుకునేలా స్వాహిలీలో చిన్న పుస్తకమైనా వేస్తారా? కాగితాల మీద సంతకం పెట్టకముందే మీ ప్రొఫెసర్‌తో తేల్చుకో. ఇప్పుడు మొహమాటపడితే తర్వాత నీ చేతిలో ఏమీ ఉండదు. ఇంతా చేసి పుస్తకానికి డబ్బుల్లేవంటే నాకు చెప్పు. మీ పెదనాన్న పెన్షన్ వస్తూనే ఉంది, అచ్చు ఖర్చు నేను పెట్టుకుంటా. మీ అమ్మతో మాత్రం అనకు, నా మీద కేకలేస్తుంది.

నీ పెద్దమ్మ