ఆకాశపు కాంతితో దిక్కు తెలుసుకోవడానికి మబ్బు కంటే మధ్యాహ్నమే పెద్ద చిక్కు

ఆకాశంలోని ధ్రువిత కాంతిని (ఎక్కువగా ఒకే దిశలో కంపించే కాంతిని; ఈ గుణమే ధ్రువణం) బట్టి దిక్కు చెప్పే సెన్సర్లు మన చేపల బోట్లకు పనికొస్తాయా, మబ్బు పడితే మూలన పడతాయా అని అడిగారు. నిస్సందేహంగా పనికొస్తాయి. మన నెల్లూరు అక్షాంశంలో వాటికి అసలు పరీక్ష నడిమధ్యాహ్నమే గాని మబ్బు కాదు.

నేను కళాశాలలో భౌతికశాస్త్రం బోధించే రోజుల్లో, ఒక సాయంత్రం మైపాడులో మా విద్యార్థి తండ్రి ఫైబర్ బోటు ఎక్కాను. కంపాస్ పక్కనే ఇనుప లంగరు పడి ఉంది. "ఇనుము దగ్గరుంటే అది తప్పు చూపిస్తాది సార్, దాన్ని నమ్మబాకండి" అన్నాడాయన. పాడైన కాలిక్యులేటర్ తెర మీద నుంచి ఊడదీసిన పోలరాయిడ్ పొర నా జేబులో ఉంది. గచ్చు మీది మెరుపు ఏ స్థితిలో మాయమవుతుందో చూసి, పొర కాంతిని దాటనిచ్చే దిశ వెంట ముందే గీత గీసి ఉంచాను. పడమట సూర్యుడు మబ్బు చాటుకు పోయినా నడినెత్తిన నీలం స్పష్టంగా ఉండడంతో, పొరను తలపైకెత్తి మెల్లగా తిప్పాను. ఒకచోట నీలం బాగా ముదిరింది. నడినెత్తి కాంతి సూర్యుడి దిక్కుకు అడ్డంగా కంపిస్తుంది గనుక, గీత సూర్యుడి వైపు తిరిగినప్పుడే పొర దాన్ని ఎక్కువగా ఆపుతుంది. అప్పుడు గీత ఎటు చూపిందో, కాసేపటికి మబ్బు అంచు నుంచి సూర్యుడు అటే బయటపడ్డాడు.

ఆయన మెచ్చుకోలేదు. "గీత రెండు పక్కలా ఒకటే గదా సార్, సూర్యుడు ఇటుండాడో అటుండాడో ఎట్ట చెప్తాది?" అన్నాడు. సెన్సర్లకూ ఉన్న చిక్కే అది. సాయంత్రమని తెలుసు గనుక పడమర అనుకోవచ్చు గాని, అది కూడా సరిగ్గా పడమర కాదు. మన దగ్గర సూర్యాస్తమయం జూన్‌లో సుమారు 24 డిగ్రీలు ఉత్తరానికి, డిసెంబరులో దాదాపు అంతే దక్షిణానికి జరుగుతుంది. అందుకే సెన్సరుకు తోడు తేదీ, గడియారం తప్పనిసరి.

ఎడారి చీమలను చూసి ఫ్రాన్స్‌లోని మార్సెయిల్ పరిశోధకులు చేసిన ఆంట్‌బాట్ అనే ఆరుకాళ్ల రోబో, జీపీఎస్ లేకుండా అతినీలలోహిత ధ్రువణాన్ని కొలిచి, సుమారు 0.4 డిగ్రీల తేడాతో దిక్కు పట్టిందని 2019లో ప్రకటించారు. అయితే మార్సెయిల్‌లో సూర్యుడు ఎన్నడూ నడినెత్తికి రాడు. మనకు ఏప్రిల్ చివర, ఆగస్టు మధ్యలో సరిగ్గా నెత్తిమీదికే వస్తాడు, ఆ నడుమ నెలల్లోనూ మధ్యాహ్నం అక్కడి నుంచి 9 డిగ్రీలకు మించి జరగడు. సూర్యుడికి 90 డిగ్రీల దూరంలో ధ్రువణం అత్యధికం, సూర్యుడి దగ్గర దాదాపు శూన్యం. కాబట్టి నేరుగా పైకి చూసే సెన్సరు ఆ వేళ తడబడక తప్పదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు ఎలాగూ వేట నిషేధమే గనుక, నిజంగా ఇబ్బంది పెట్టేది ఆ తరువాతి రెండు నెలలే. మన ఇంజనీరింగ్ కళాశాలలు బజారులో దొరికే కిట్లకు చక్రాలు తగిలించి ప్రాజెక్టు అనడం మాని, ఈ లెక్క ఎందుకు పట్టించుకోవో నాకు అర్థం కాదు.

దట్టమైన ముసురులో ధ్రువణం బలహీనపడే మాట నిజమే. కానీ తుపాను హెచ్చరిక ఉన్న అలాంటి రోజున బోటు ఒడ్డునే ఉంటుంది, విడి మబ్బులైతే సందున కనిపించే నీలమే చాలు. మధ్యాహ్నపు చిక్కుకు మందు, దిగంతం దగ్గరి ఆకాశాన్ని కూడా చూసే వెడల్పు కటకం, నాలుగు కోణాల్లో ధ్రువణం కొలిచే కెమెరా చిప్పు. అలాంటి చిప్పులు ఇప్పటికే అమ్మకానికి ఉన్నాయి. కటకం మీద ఉప్పు పేరుకోకుండా చూసుకోవడమొక్కటే మిగిలిన పని, అది బోటువాళ్లకు చెప్పనక్కరలేదు.