ఇంగ్లీషు పదబంధాల అర్థం విడి మాటల్లో ఎందుకు దొరకదు?

'పుట్', 'అప్', 'విత్' మూడూ తెలిసినా 'పుట్ అప్ విత్' అంటే భరించడమని ఎందుకు తోచదని అడిగారు. ఇటువంటి పదబంధాలలో అర్థం మొత్తం కూర్పుకు చెందుతుంది గాని విడి మాటలకు కాదు. ఓటమి ఒప్పుకున్నవాణ్ణి మనం 'చేతులెత్తేశాడు' అన్నప్పుడు నిజమైన చేతుల ప్రసక్తి లేనట్టే. కూర్పు ఎంత బిగుసుకుపోయిందో తెలియాలంటే దాన్ని కాస్త కదిపి చూడాలి: 'కిక్ ద బకెట్' అంటే చనిపోవడం (వాడుక కొంత మోటు), కాని కర్మణి ప్రయోగంలోకి మార్చి 'ద బకెట్ వాజ్ కిక్డ్' అంటే ఎవరో నిజంగానే బకెట్‌ను తన్నారని వినేవారు అనుకుంటారు. 'హెవీ రెయిన్' వంటివి వేరు. అర్థం తేలికే, అయితే 'స్ట్రాంగ్ రెయిన్' అనకపోవడం కేవలం అలవాటు. 'పుట్ అప్ విత్' వంటి కూర్పు నిఘంటువులో సాధారణంగా ప్రధాన క్రియ అయిన 'పుట్' కిందే కనిపిస్తుంది. దాన్ని ఉదాహరణ వాక్యంతో సహా గుర్తుపెట్టుకోవడం మేలు.