గొర్రెలు గిరగిరా తిరుగుతుంటే కెల్పీ కుక్క ఎందుకు? ముందు ఉన్న కుక్కకు మాత్ర వేయండి

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు పల్లె. 140 గొర్రెలున్నాయి. మూడేళ్ల ముధోల్ (కర్ణాటక వేట జాగిలం) క్రాస్ ఆడకుక్క, 22 కిలోలు, మందతో తిరుగుతుంది. ఆస్ట్రేలియా కెల్పీ కుక్కలు గొర్రెలను తోలడం వీడియోల్లో చూశాను. మా కుక్కను కెల్పీ మగకుక్కతో దాటిస్తే పుట్టే పిల్లలు మంద తోలతాయని, తోడేళ్లను తరుముతాయని, కుందేళ్లు కూడా పడతాయని ఒక బ్రీడర్ అంటున్నాడు. 25 వేలు అడుగుతున్నాడు. ఎప్పుడు దాటించాలి? ఇంకొకటి. ఎనిమిది నెలల నుంచి ఏడాది వయసున్న నాలుగు జీవాలు నెల రోజులుగా ఒక పక్కకే గిరగిరా తిరుగుతున్నాయి. జ్వరం లేదు, మేత తగ్గింది. ఎండకు మెదడు జ్వరం వచ్చిందని మందుల షాపులో విటమిన్ బి1 ఇంజెక్షన్లు ఇచ్చారు. తగ్గలేదు. కుక్కకు కూడా నట్టల కోసం ఆయనే ఐవర్‌మెక్టిన్ 1 మి.లీ. వేశారు. సలహా ఇవ్వగలరు.

జవాబు: మీరు 'ఇంకొకటి' అని చివర్లో రాసిందే ముందు చూడాల్సిన సంగతి. కెల్పీ గురించి తర్వాత మాట్లాడుకుందాం.

ఇది ఎండదెబ్బ కాదు. మెదడు జ్వరమైతే జ్వరం కనిపిస్తుంది, గొర్రె కొద్ది రోజుల్లోనే పడిపోతుంది. బి1 లోపమైతే, మొదట్లోనే ఇంజెక్షన్ పడితే ఒకటి రెండు రోజుల్లో తేడా తెలుస్తుంది. మీ జీవాలు నెల రోజులుగా జ్వరం లేకుండా ఒకే పక్కకు తిరుగుతున్నాయి, నాలుగూ ఏడాది లోపువే. ఇవన్నీ కలిపి చూస్తే నాకు గిడ్ వ్యాధి అనిపిస్తోంది. అది మీ మందకు కుక్క నుంచే వచ్చి ఉంటుంది.

కుక్క పేగులో టీనియా మల్టిసెప్స్ అనే బద్దె పురుగు ఉంటుంది. దాని గుడ్లు కుక్క మలంతో మేత భూమిలో పడతాయి. గొర్రె గడ్డితో పాటు వాటిని తింటే పిల్ల పురుగు రక్తంలో కలిసి మెదడుకు చేరి నీటి తిత్తిగా పెరుగుతుంది. గిరగిరా తిరగడం కనిపించేసరికి సాధారణంగా రెండు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఆ గొర్రె చనిపోయాక తలను కుక్కకు వేస్తే తిత్తిలోని పురుగు తలలన్నీ మళ్లీ కుక్క పేగులో పురుగులవుతాయి. చనిపోయిన గొర్రెల తలలు ఏం చేస్తున్నారో మీరు రాయలేదు. కుక్కకే వేస్తున్నారని నా అనుమానం. మందల దగ్గర జరిగేది ఎక్కువగా అదే.

నాలుగింటినీ పశువైద్యాధికారికి చూపించండి. వెళ్లే ముందు పుర్రె పైభాగాన్ని బొటనవేలితో నొక్కి చూడండి. కొన్నింటిలో తిత్తి ఉన్నచోట ఎముక పలచబడి మెత్తగా లోపలికి దిగుతుంది. అలా చోటు తెలిస్తే ఆపరేషన్ చేసి తిత్తి తీయవచ్చు. మీకు ప్రొద్దుటూరు, తిరుపతి పశువైద్య కళాశాలలు అందుబాటులో ఉన్నాయి. తిత్తి పెరిగాక దాన్ని కరిగించే నమ్మకమైన మందు లేదు, కాబట్టి బి1 ఇంజెక్షన్లు ఆపేయండి. ఆపరేషన్ ఖర్చు గొర్రె ధరకు మించేలా ఉంటే, చిక్కిపోకముందే డాక్టర్ సలహాతో కోతకు పంపండి. తల మాత్రం కాల్చేయాలి, లేదా నాలుగడుగుల గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి.

ఇక కుక్క. షాపాయన వేసిన ఐవర్‌మెక్టిన్ బద్దె పురుగు మీద పనిచేయదు. గుండ్రటి పురుగులు, గజ్జి పురుగుల మీద దానికి బలం ఉంది, బద్దె పురుగుకు అదేమీ చేయదు. పైగా 1 శాతం మందు మి.లీ.కు 10 మి.గ్రా. ఉంటుంది. 22 కిలోల కుక్కకు 1 మి.లీ. అంటే కిలోకు 0.45 మి.గ్రా., అంటే గొర్రెకిచ్చే 0.2 మి.గ్రా.కు రెట్టింపు దాటింది. ముధోల్ క్రాస్ కాబట్టి బతికిపోయింది. మీరు తెస్తానంటున్న కెల్పీ పుట్టింది స్కాట్లాండ్ కోలీలనే తోలుడు కుక్కల నుంచి. కోలీ రక్తమున్న కొన్ని కుక్కల్లో ఈ మందు మెదడులోకి దిగకుండా ఆపే కాపలా పుట్టుకతోనే లోపిస్తుంది. వాటికి కిలోకు 0.1 మి.గ్రా. దాటితేనే చొంగ, తూలుడు, చూపు పోవడం, కోమా రావచ్చు. దానికి విరుగుడు లేదు. గొర్రెల సీసాలోంచి సిరంజితో తీసి కుక్కకు పొడిచే షాపుల మాట ఇంకెన్నాళ్లు వింటారు?

బద్దె పురుగుకు వాడాల్సింది ప్రాజిక్వాంటెల్, కిలోకు 5 మి.గ్రా., నోటి ద్వారా. దొరికేవి ఎక్కువగా కాంబినేషన్ మాత్రలే: ప్రాజిక్వాంటెల్ 50, పైరాంటెల్ 144, ఫెబాంటెల్ 150 మి.గ్రా. ఇది 10 కిలోలకు ఒకటి, మీ కుక్కకు రెండున్నర మాత్రలు. పస్తు పెట్టనక్కర్లేదు, అన్నం ముద్దలో పెట్టి మింగించండి. దాటించి చూలుతో ఉంటే ఫెబాంటెల్ ఉన్న మాత్ర వద్దు, ప్రాజిక్వాంటెల్ ఒక్కటే డాక్టర్ చేత రాయించుకోండి. మాత్ర వేసిన 48 గంటలు కుక్కను గట్టిగా కట్టేసి ఉంచి, ఆ మలాన్ని పారతో తీసి కాల్చండి. మందు పురుగును చంపుతుంది కానీ గుడ్లను చంపదు. ఈ పని వదిలేస్తే మాత్ర డబ్బు మేత భూమిలో పోసినట్టే. కుక్క పేగులో చేరిన పురుగు గుడ్లు పెట్టడం మొదలుపెట్టడానికి ఆరు వారాలు పడుతుంది కాబట్టి మాత్ర కూడా ప్రతి ఆరు వారాలకోసారి వేయాలి. ఏడాదికొకసారి నట్టల క్యాంపు రోజు వేస్తే చాలదు. పక్క మందల కుక్కలకూ అదే రోజు వేయించండి, లేదంటే మీ శ్రమ వృథా.

ఇలా చేసినా ఇప్పటికే గుడ్లు తిన్న గొర్రెల్లో మరో ఆరు నెలల వరకు ఒకటీ అరా తిరుగుడు కనిపించవచ్చు. అప్పుడు మందు పనిచేయలేదని మానేయకండి.

ఇదంతా గొర్రెలతో ఆగదు. గొర్రె కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటి బుడగలు చూసే ఉంటారు. అది ఇంకో బద్దె పురుగు పని. దాని గుడ్లు కుక్క మూతి, వెంట్రుకల నుంచి మనుషుల నోటికి చేరితే మన కాలేయంలోనూ అవే తిత్తులు పెరుగుతాయి. కుక్కతో ఆడే పిల్లలకు ముప్పు ఎక్కువ. కాబట్టి పచ్చి కాలేయం, ఊపిరితిత్తులు, తల ఏదీ కుక్కకు వేయకండి. వేయక తప్పకపోతే ముక్కలు చేసి 40 నిమిషాలు మరగబెట్టండి.

ఇప్పుడు కెల్పీ గురించి. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం, కాస్టర్టన్ దగ్గర వారాక్ అనే గొర్రెల పెంపక క్షేత్రంలో 1870 ప్రాంతంలో పుట్టిన ఒక ఆడకుక్క పేరుతో ఈ జాతి మొదలైంది. వేల ఎకరాల కంచెల్లో వేల గొర్రెలను ఒకరిద్దరు మనుషులు తోలాల్సి వచ్చినచోట దాని విలువ. దూరం నుంచి మందను చుట్టి, కళ్లతో అదిమి, మనిషి వైపు తెస్తుంది. దొడ్డిలో గొర్రెల వీపుల మీద నుంచి నడుస్తుంది కూడా. మన దగ్గర 140 గొర్రెల ముందు కాపరి నడుస్తాడు, మంద ఆయన గొంతుకు వస్తుంది. అక్కడ కెల్పీకి చేయడానికి పనేముంది?

చూపుతో వేటాడే జాగిలానికి తోలుడు కుక్కను కలిపితే బ్రిటన్, ఐర్లాండ్‌లలో దాన్ని లర్చర్ అంటారు. గ్రేహౌండ్‌కు కోలీని, కొందరు కెల్పీని దాటిస్తారు. జాగిలం వేగం, తోలుడు కుక్క బుర్ర ఒకే కుక్కలో రావాలన్నది వాళ్ల ఆశ. అది కుందేళ్ల పని కోసం తయారు చేసిన కుక్క, మందతో ఉండే కుక్క కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2005 ఫిబ్రవరి నుంచి హేర్ అనే పెద్ద అడవి కుందేలు మీదికి కుక్కను వదలడం కూడా నేరమే. మన 1972 వన్యప్రాణి చట్టంలో కుందేలుకూ తోడేలుకూ రక్షణ ఉంది, తోడేలు అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్‌లోనే ఉంది. కుక్కతో కుందేళ్లను పట్టించినా, తోడేళ్లను వేటాడించినా జైలుకు దారి తీసేదే.

ఇంకో చిక్కు ఉంది. తోలుడు కుక్కలో వేట గుణం సగంలో ఆపేశారు: చూస్తుంది, పొంచుతుంది, చుట్టుతుంది, కరవదు. ముధోల్ లాంటి జాగిలంలో పరిగెత్తేదాన్ని తరిమి పట్టే గుణం పూర్తిగా ఉంది. రెండూ కలిస్తే ఏది ఏ పిల్లకు వస్తుందో ఎవరూ చెప్పలేరు. మొదటి ఈతలో పిల్లలు కొంత ఒకేలా కనిపించినా, వాటిలో వాటిని దాటించిన రెండో తరంలో గుణాలు చెల్లాచెదురవుతాయి. ఈనే కాలంలో గొర్రెపిల్ల పరిగెడితే దాని గొంతు పట్టే కుక్క ఒక్కటి తేలినా మీ నష్టం 25 వేలతో ఆగదు.

తోడేళ్ల బెడదకు కావాల్సింది కాపలా కుక్క. కాపరుల మందలో పని చేస్తున్న తల్లికి పుట్టిన నాటు పిల్లను 8 వారాల వయసులో తెచ్చి, 16 వారాలు వచ్చేదాకా గొర్రెపిల్లల దొడ్డిలోనే ఉంచండి. ఆడుకుంటూ తరిమితే అప్పుడే అదుపు చేయండి. రాత్రి దొడ్డికి ఎత్తైన వల, ఒక దీపం పెట్టండి. స్వచ్ఛమైన ముధోల్ కావాలంటే కర్ణాటకలో ముధోల్ దగ్గర తిమ్మాపూర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయం వారి కేంద్రం ఉంది.

ఇంత చెప్పినా క్రాస్ చేయించాలనుకుంటే, ఆ బ్రీడర్‌ను ముందు కాగితాలు అడగండి. వ్యాపారానికి, సంతతికి విదేశీ కుక్కల దిగుమతి ఆపుతూ 2016 ఏప్రిల్‌లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది, కాబట్టి 'దిగుమతి రక్తం' అన్న మాట నోటితో సరిపోదు. 2017 నిబంధనల ప్రకారం బ్రీడర్‌కు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి. నల్లగా, చెవులు నిక్కపొడుచుకున్న ప్రతి కుక్కా కెల్పీ కాదు. మగకుక్కకు, మీ ఆడకుక్కకు బ్రూసెల్లా (చూలు పోయేలా చేసే అంటురోగం) రక్తపరీక్ష చేయించకుండా దగ్గరకు రానివ్వకండి. ఎదలో రక్తం కనిపించిన రోజును ఒకటిగా లెక్కపెట్టి 11, 13వ రోజుల్లో దాటించండి. ఈత 63 రోజులకు, అటూ ఇటూ ఐదు రోజులు. ఏడాదికి ఒక్క ఈతే. ఎనిమిదేళ్లు వచ్చాక దాటించకూడదు, పిల్లలను ఎనిమిది వారాల లోపు ఎవరికీ అమ్మకూడదు.

తల్లికి రేబిస్ టీకా ఎప్పుడు వేయించారో మీరు రాయలేదు. ఏడాది దాటితే దాటించే నెల ముందే వేయించండి. పిల్లలకు మూడో నెల నిండగానే ఒకటి, నాలుగో నెలలో బూస్టర్, ఆ తర్వాత ఏటా. పార్వో, డిస్టెంపర్ టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి పదహారో వారం దాకా వేయాలి. మాత్రలు, టీకాల తేదీలు ఒక నోట్‌బుక్‌లో రాసి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.