హెడ్ దించేముందు నీళ్ళు ఎటు పోతున్నాయో పట్టుకో అల్లుడూ

అల్లుడూ, నీ మెసేజ్ చూశాను. రేడియేటర్లో రోజూ నీళ్ళు తగ్గుతున్నాయి, కింద చుక్క పడట్లేదు, మెకానిక్ ఏమో హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాక్‌కీ పైనున్న హెడ్‌కీ మధ్య పెట్టే పట్టీ) పోయింది బండి వదిలేసి వెళ్ళు అంటున్నాడు అన్నావు కదా. అప్పుడే వదలకు. అతను చెప్పింది నిజమే అవ్వచ్చు, కానీ చూడకుండా చెప్పాడు. నీది పాత టాటా 2515 లారీ, అందులో ఉన్నది కమిన్స్ 6బీటీ, 5.9 లీటర్ల ఇంజన్, ఆరు సిలిండర్లకీ కలిపి ఒకటే పొడుగాటి హెడ్. అది దించితే గ్యాస్కెట్, లేత్ పని, కూలీ, బండి ఆగిపోయిన రోజులు, అన్నీ కలిపి పెద్ద ఖర్చే. హెడ్ జోలికి పోకుండా తేలిపోయే చోట్లు రెండున్నాయి, ఇంజన్ ఆయిల్‌ని నీళ్ళతో చల్లబరిచే ఆయిల్ కూలర్ ఒకటి, బ్రేకులకి గాలి నింపే కంప్రెసర్ ఒకటి. ముందు వాటి సంగతి తేలాలి.

ముందుగా బయట లీకు లేదని గట్టిగా తేల్చుకో. వేడి ఇంజన్ మీద పడ్డ నీళ్ళు నేల మీదికి రాకముందే ఆవిరైపోతాయి కాబట్టి కింద తడి లేదని నమ్మకు. వాటర్ పంపు కింద చిన్న బెజ్జం ఉంటది, అక్కడ తెల్లటి చారలు కట్టాయేమో, బ్లాక్ పక్కన వాటర్ డమ్మీల (బ్లాక్ బెజ్జాలకి కొట్టిన రేకు మూతలు) చుట్టూ తుప్పు నీళ్ళు కారిన గుర్తులున్నాయేమో టార్చి వేసి చూడు. నువ్వు ఉత్త బోరు నీళ్ళే పోస్తున్నావని నాకు తెలుసు, మన వైపు చాలామంది అంతే, కానీ ఈ పనికి మాత్రం రంగున్న కూలెంట్ కొని పొయ్యి, అప్పుడు ఎక్కడ తేలినా రంగు పట్టిస్తది. కొంతమంది మెకానిక్‌లు వేలితో నాకి చూస్తారు, నువ్వు ఆ పని చెయ్యకు, అది విషం.

ఇప్పుడు అసలు పరీక్ష. బండి రాత్రంతా ఆగి ఉండాలి. పొద్దున్నే సెల్ఫ్ కొట్టకముందు ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే ఛాంబర్ డ్రెయిన్ నట్టుని పూర్తిగా తీయకుండా మెల్లగా వదులు చెయ్యి. నీళ్ళు ఆయిల్ కన్నా బరువు కాబట్టి అడుక్కి చేరి ఉంటాయి, ఉంటే ముందు అవే వస్తాయి. ఆయిల్ పోసే మూత కింద తెల్లటి నురగ చూసి మాత్రం భయపడకు, వానాకాలంలో దగ్గర ట్రిప్పులు తిరిగే బండికి ఊరికే తేమకి కూడా అది వస్తది. అనుమానం ఉంటే గేజి రాడ్ మీద ఆయిల్ ఒక చుక్క వేడి పెనం మీద వెయ్యి, డీజిల్‌కి దూరంగా, నీళ్ళుంటే చిటపటలాడతది.

డ్రెయిన్లో నీళ్ళొచ్చాయనుకో, వెంటనే రేడియేటర్ మూత తీసి చూడు, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే సుమా. పైన ఆయిల్ తేలుతుంటే ముందు ఆయిల్ కూలర్నే అనుమానించు. ఎందుకంటే ఇంజన్ నడిచేటప్పుడు ఆయిల్ ప్రెషర్ నీళ్ళ ప్రెషర్ కన్నా ఎక్కువ, కాబట్టి చిల్లు పడితే ఆయిల్ నీళ్ళలోకి పోతది, వేడి మీద ఇంజన్ ఆపగానే ఆయిల్ ప్రెషర్ సున్నా అయిపోద్ది, నీళ్ళ ప్రెషర్ ఇంకా ఉంటది, అప్పుడు నీళ్ళు ఆయిల్లోకి దిగుతాయి. ఈ కూలర్ 6బీటీకి ఆయిల్ ఫిల్టర్ కూర్చునే హౌసింగ్ వెనకాల బ్లాక్‌లోనే ఉంటది, హెడ్‌తో పనిలేకుండా విప్పొచ్చు, గాలి పట్టి నీళ్ళ బకెట్లో ముంచితే బుడగ చెప్పేస్తది. కొత్తది వేసేటప్పుడు దానికున్న ప్లాస్టిక్ ప్లగ్గులు తీశారో లేదో నువ్వే చూసుకో.

ఆయిల్ తేలకపోతే బుడగల పరీక్ష. చల్లటి ఇంజన్, మూత తీసి, నీళ్ళు అంచు దాకా పోసి స్టార్ట్ చెయ్యి, ఫ్యాన్‌కి చొక్కా, చెయ్యి దూరం. మొదట్లో వచ్చే ఒకటీ అరా బుడగలు లోపల ఇరుక్కున్న గాలి, వదిలెయ్. ఆగకుండా వస్తుంటే దాన్ని చూడగానే అందరూ గ్యాస్కెట్ అనేస్తారు, ఇక్కడే చాలామంది హెడ్డులు అనవసరంగా దిగుతాయి. మీ కంప్రెసర్‌కి కూడా నీళ్ళ పైపులు ఉన్నాయి, దాని హెడ్ గ్యాస్కెట్ పోయినా గాలి నీళ్ళలోకి తన్నుద్ది. అందుకని గాలి ట్యాంకులు ఖాళీ చేసి స్టార్ట్ చేసి, మీటర్ చూస్తా ఉండు, ప్రెషర్ నిండి గాలి కట్ అవుట్ అయ్యి బుస్సుమన్నాక బుడగలు ఆగిపోయినా బాగా తగ్గినా కంప్రెసర్ని విప్పాలి, ఆగకుండా అలాగే వస్తుంటే అప్పుడు హెడ్ మీద అనుమానం పెట్టుకో. గాలి ట్యాంకుల డ్రెయిన్ కూడా లాగి చూడు, ఉత్త నీళ్ళు మామూలే, నువ్వు పోసిన కూలెంట్ రంగు వస్తే మాత్రం అది కంప్రెసరే, ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేదు. బ్రేకుల వ్యవహారం కాబట్టి అది చూశాక బండి కదపకు.

హెడ్ అనే తేలితే ఏ సిలిండరో కూడా చూడొచ్చు, ఇంజన్ నడుస్తుండగా, సిలిండర్లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళలో ఒక్కోదాని పైపు నట్టు వదులు చేస్తూ పోతే ఏ దగ్గర బుడగలు తగ్గాయో అదే. ఆ డీజిల్ ప్రెషర్ చర్మంలోకి దిగుతది, చెయ్యి అడ్డం పెట్టొద్దు, కళ్ళద్దాలు పెట్టుకోమను. తెల్ల పొగ గురించి అడిగావు, పొద్దున చలిలో వచ్చేది కాలని డీజిల్ కూడా అవ్వచ్చు, ఇంజన్ బాగా వేడెక్కాక కూడా తెల్లగానే వస్తుంటే నీళ్ళని అనుకో.

ఒక మాట మాత్రం బాగా పట్టుకో. పొద్దున సెల్ఫ్ కొడితే ఇంజన్ డబ్ మని ఆగిపోతే రెండోసారి కొట్టొద్దు. సిలిండర్లో నీళ్ళు నిండితే వాటిని నొక్కడం పిస్టన్ వల్ల కాదు, కనెక్టింగ్ రాడ్ వంగుద్ది, అక్కడితో పని హెడ్ దాటి క్రాంక్ దాకా పోతది. నాజిళ్ళు తీయించి, చేత్తో తిప్పించి, నీళ్ళు బయటికి వచ్చాకే మిగతా సంగతి.

ఇంత చేసినా తేలకపోతే రేడియేటర్‌కి ప్రెషర్ పంపు పెట్టి, దాని క్యాప్ మీద రాసిన అంకె దాటకుండా గాలి పట్టి రాత్రంతా వదిలెయ్, ఛాంబర్ దించి కింద నుంచి చూస్తే చుక్క ఏ బోరు నుంచి దిగుతుందో, పుష్ రాడ్ల వైపు నుంచి వస్తుందో కనపడుద్ది. మీ ఇంజన్‌కి లైనర్లు (సిలిండర్‌లో విడిగా దించే గొట్టాలు) లేవు, బోర్లు బ్లాక్‌లోనే, కాబట్టి లైనర్ రబ్బర్లు పోయాయని ఎవరన్నా అంటే ఆ మనిషికి ఈ ఇంజన్ తెలియదు. అప్పుడు హెడ్ దించమను, దించాక ఉత్త గ్యాస్కెట్ మార్చి బిగించేస్తే ఒప్పుకోకు, హెడ్‌ని వేడి నీళ్ళలో ప్రెషర్ టెస్ట్ చేయించు, వాల్వ్ సీట్ల మధ్య పగులు చల్లగా ఉన్నప్పుడు కనపడకపోవచ్చు. బోల్టులు మధ్య నుంచి బయటికి, విడతలుగా, టార్క్ రెంచ్‌తోనే.

రేడియేటర్లో పసుపు పొయ్యమని ఎవరో చెప్పారన్నావు. బయట సూది బెజ్జానికి ఇల్లు చేరేదాకా పనికొస్తదేమో, లోపలి లీకుకి పోస్తే కూలర్, రేడియేటర్ సన్న దారులు పూడిపోతాయి.

ఆయిల్లో నీళ్ళు కనపడితే ఆ రోజు నుంచి లోడు ఎత్తకు, బేరింగులు పోతాయి. రిపేర్ అయ్యాక ఆయిల్, ఫిల్టర్ మార్చి కాసేపు నడిపి మళ్ళీ మార్చు, ఛాంబర్ ఎలాగూ దిగి ఉంటే ఒక బేరింగ్ క్యాప్ విప్పించి చూడు. రేపు పొద్దున డ్రెయిన్లో ఏమొచ్చిందో, కట్ అవుట్ తర్వాత బుడగలు ఏమయ్యాయో వీడియో తీసి పంపు, మెకానిక్‌తో నేను మాట్లాడతా.