కుళాయి నీటికి క్లోరిన్ వాసన, క్యాన్సర్ భయం: నీటి శుద్ధి కేంద్రంలో పనిచేసిన అనుభవం నుంచి ఒక సమాధానం

మీ ప్రశ్నలో రెండు భాగాలు ఉన్నాయి. వేసవి మొదలవగానే మీ పట్టణంలో కుళాయి నీటికి బ్లీచింగ్ వాసన ఎక్కువైందనీ, క్లోరిన్ వల్ల నీటిలో క్యాన్సర్ కారక పదార్థాలు ఏర్పడతాయని చదివారనీ, కాబట్టి క్లోరిన్ తగ్గించమని మునిసిపాలిటీకి అర్జీ పెట్టవచ్చా అనీ మొదట అడిగారు. అది జరగకపోతే ఇంట్లో ఆర్వో యంత్రం పెట్టుకుంటే సరిపోతుందా అన్నది రెండోది. నేను కృష్ణా డెల్టాలోని ఒక మునిసిపల్ నీటి శుద్ధి కేంద్రంలో కెమిస్టుగా పనిచేసి పదవీ విరమణ పొందాను. వేసవి నిల్వ చెరువు మీద ఆధారపడిన కేంద్రం అది. మీరు వర్ణించిన పరిస్థితి దాదాపు అలాగే ఉంది కాబట్టి అక్కడి అనుభవం మీకు పనికివస్తుందనుకుంటున్నాను. మీరు చదివిన విషయం నిజమే. అయితే అర్జీలో క్లోరిన్ తగ్గించమని మాత్రం రాయకండి; అడగవలసినవి వేరే ఉన్నాయి.

ముందు రసాయనాల సంగతి. ఆకులు, నాచు, మట్టి నుంచి నీటిలోకి దిగిన సేంద్రియ పదార్థంతో క్లోరిన్ కలిసినప్పుడు క్లోరోఫామ్ వంటి ట్రైహాలోమీథేన్లు, హాలో అసిటిక్ ఆమ్లాలు, ఇంకా అనేక ఉప ఉత్పత్తులు పుడతాయి. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నీటి సరఫరా సంస్థలో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త యోహానెస్ రూక్ 1974లో ఈ సంగతిని ప్రచురించారు. అదే ఏడాది అమెరికా పరిశోధకులు కూడా దీన్ని నిర్ధారించారు. అమెరికా 1979లో మొత్తం ట్రైహాలోమీథేన్లకు లీటరుకు 100 మైక్రోగ్రాముల హద్దు విధించి, తరువాత దాన్ని 80కి తగ్గించింది. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500:2012 వీటికి విడివిడిగా హద్దులు చెబుతుంది: లీటరుకు క్లోరోఫామ్ 0.2 మిల్లీగ్రాములు, బ్రోమోఫామ్, డైబ్రోమోక్లోరోమీథేన్ 0.1 చొప్పున, బ్రోమోడైక్లోరోమీథేన్ 0.06. ఇవి ఎక్కువగా ఉన్న నీటిని దశాబ్దాల పాటు తాగిన వారిలో మూత్రాశయ క్యాన్సర్ కొంత ఎక్కువగా కనిపించిందని పలు అధ్యయనాలు సూచించాయి. కాబట్టి ఈ భయాన్ని వట్టి పుకారుగా కొట్టిపారేసే ఇంజనీర్లతో నేను ఏకీభవించను.

కానీ ఈ ప్రమాదాన్ని కొలిచే కాలం వేరు, సూక్ష్మజీవుల ప్రమాదాన్ని కొలిచే కాలం వేరు. క్లోరిన్ లేని గొట్టంలోకి మురుగు చేరితే ఫలితం తెలియడానికి ఇరవై ఏళ్లు పట్టదు. రెండు మూడు రోజుల్లో ఆసుపత్రి మంచాలు నిండుతాయి, అందులోనూ ముందు పడిపోయేది పసిపిల్లలు, ముసలివారు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ తన తాగునీటి మార్గదర్శకాల్లో, ఉప ఉత్పత్తులను అదుపు చేసే ప్రయత్నంలో సూక్ష్మజీవుల నిర్మూలనను ఎన్నడూ బలహీనపరచరాదని స్పష్టంగా చెప్పింది. ఈ చర్చలో పెరూ పేరు తరచూ వస్తుంది. 1991లో అక్కడ మొదలైన కలరా మూడు లక్షల మందికి పైగా సోకింది, వేల మంది చనిపోయారు. క్యాన్సర్ భయంతో క్లోరిన్ ఆపేయడమే దానికి కారణమని చాలామంది రాస్తారు. తరువాత లోతుగా పరిశీలించినవారు మాత్రం శిథిలమైన నీటి వ్యవస్థ, పారిశుద్ధ్య లోపం అసలు కారణాలని, ఆ కథ అతిశయోక్తి అని తేల్చారు. క్లోరిన్‌ను సమర్థించడానికి అలాంటి కథ అవసరం లేదనే నా అభిప్రాయం కూడా.

ఇక వేసవి సంగతికి వస్తాను, ఎందుకంటే మీ వాసనకు మూలం అక్కడే ఉంది. వేసవిలో కాలువ కట్టేసే లోపు సమ్మర్ స్టోరేజీ ట్యాంకును, అంటే ఆ నిల్వ చెరువును నింపుకొని, మళ్లీ నీరు వదిలేదాకా ఆ నిల్వతోనే పట్టణాన్ని నెట్టుకురావాలి. ఏప్రిల్ వచ్చేసరికి మట్టం తగ్గి, నీరు వేడెక్కి, పచ్చని పాచి పెరుగుతుంది. పగటిపూట ఆ పాచి నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకోవడం వల్ల మధ్యాహ్నానికి పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చూపే అంకె) 8.5 దాటి, తెల్లవారేసరికి మళ్లీ తగ్గుతుంది. ఈ ఒక్క మార్పు రెండు రకాల ప్రమాదాలనూ ఒకేసారి పెంచుతుంది. పీహెచ్ 7.5 దగ్గర నీటిలోని స్వేచ్ఛా క్లోరిన్‌లో సుమారు సగం హైపోక్లోరస్ ఆమ్లం రూపంలో ఉంటుంది, సూక్ష్మజీవులను చంపడంలో ప్రధాన పాత్ర దానిదే, 8.5 దగ్గర దాని వాటా దాదాపు పదో వంతుకు పడిపోతుంది. అంటే అదే మోతాదు వేసినా చంపే శక్తి తగ్గుతుంది. అదే సమయంలో పీహెచ్, వేడి, పాచి నుంచి వచ్చే సేంద్రియ పదార్థం మూడూ పెరగడం వల్ల ట్రైహాలోమీథేన్లు ఎక్కువగా ఏర్పడతాయి. మడ్డిని ముద్దకట్టించి కిందికి దించే పటిక కూడా ఆ పీహెచ్‌లో మందకొడిగా పనిచేస్తుంది.

ఇలాంటప్పుడు చాలా కేంద్రాల్లో చేసే పని, చెరువు నీరు లోపలికి వచ్చే చోటే క్లోరిన్ గుప్పించడం. నీరు ఇంకా మురికిగా ఉన్నప్పుడు వేసిన క్లోరిన్‌లో అధిక భాగం ఆ మురికితోనే ఖర్చయిపోతుంది. అన్నం మెతుకులు తుడవకుండా గిన్నెకు సబ్బు పెట్టినట్టే. పైగా నీలి ఆకుపచ్చ పాచి కణాలు క్లోరిన్ తగిలి పగిలితే వాటి లోపలి పదార్థం, కొన్ని జాతుల్లోనైతే మైక్రోసిస్టిన్ వంటి విషం కూడా, నీటిలోకి విడుదలవుతుంది. కణం చెక్కుచెదరకుండా ఉంటే పటిక పట్టి కిందికి దించేస్తుంది, ఇసుకతో వడకట్టే ఫిల్టర్ బెడ్ ఆపేస్తుంది. పగిలిన తరువాత కరిగిన విషాన్ని ఇసుక ఆపలేదు. చెరువులో మైలుతుత్తం చల్లినా ఇదే చిక్కు.

మా కేంద్రంలో ఫలితం ఇచ్చిన మార్పులన్నీ క్లోరిన్ వేయడానికి ముందు దశలవే. పచ్చినీటి (ఇంకా శుద్ధి చేయని నీటి) పంపులను వీలైనంతవరకు రాత్రి చివరి జాముల్లో, అంటే పీహెచ్ తక్కువగా ఉన్నప్పుడు నడిపాము. నీటిని పైపొరలోని పాచి, అడుగునున్న బురద రెండూ తగలకుండా నడిమి లోతు నుంచి తీసుకున్నాము. జార్ టెస్టులో, అంటే వరుస జార్లలో వేర్వేరు మోతాదులు వేసి చూసే పరీక్షలో, పటిక మోతాదును కంటికి కనిపించే మడ్డిని బట్టి మాత్రమే నిర్ణయించకుండా, ప్రతి జారు నుంచి వడకట్టిన నీటికి క్లోరిన్ కలిపి అరగంటలో ఎంత ఖర్చవుతుందో చూసి నిర్ణయించాము. ట్రైహాలోమీథేన్లను కొలవడానికి గ్యాస్ క్రోమటోగ్రాఫ్ కావాలి, అది చిన్న పట్టణపు ప్రయోగశాలలో ఉండదు. కానీ క్లోరిన్ ఎంత తక్కువగా ఖర్చయితే ఉప ఉత్పత్తులకు ఆధారమైన పదార్థం సాధారణంగా అంత తక్కువగా ఉన్నట్టు లెక్క. మడ్డి పోవడానికి చాలినంత పటిక వేసిన తరువాత మరికొంత పెంచితే, నీటి రూపంలో తేడా కనిపించకపోయినా క్లోరిన్ ఖర్చు గణనీయంగా తగ్గేది. ఆ తరువాతే ప్రధాన క్లోరిన్ మోతాదును ఫిల్టర్లు దాటిన తరువాతి చోటికి మార్చాము. ముందు క్లోరిన్ లేకపోతే ఫిల్టర్ బెడ్లు జిగురు పడతాయని ఆపరేటర్లు చెప్పిన అభ్యంతరం న్యాయమైనదే. అందుకు బెడ్లను వంతులవారీగా క్లోరిన్ కలిపిన నీటితో బ్యాక్‌వాష్ చేశాము, అంటే నీటిని కింది నుంచి పైకి పంపి కడిగాము. కుళాయి దగ్గర మిగలవలసిన క్లోరిన్ తగ్గలేదు, కేంద్రంలో వాడే మొత్తం మాత్రం తగ్గింది, వాసన గురించి ఫిర్యాదులు కూడా తగ్గాయి.

వడపోతకు ఇంత ప్రాధాన్యం ఇవ్వడానికి మరో కారణం ఉంది. క్లోరిన్ అన్నింటినీ చంపదు. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో క్లోరిన్ వేసిన నీరే తాగి సుమారు 4 లక్షల మంది జబ్బుపడ్డారు. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవికి మామూలు మోతాదు క్లోరిన్ లెక్కలేదు, దాన్ని ఆపవలసిన వడపోత ఆ రోజుల్లో సరిగా పనిచేయలేదు. మంచి పటిక, మంచి ఇసుక, తక్కువ మడ్డి: ఇవి సూక్ష్మజీవుల ప్రమాదాన్నీ, రసాయనాల ప్రమాదాన్నీ కలిపి తగ్గించే చర్యలు. ఒకదాన్ని తగ్గిస్తే మరొకటి పెరిగే చిక్కు ఎక్కువగా క్లోరిన్ మోతాదు దగ్గరే వస్తుంది.

ఆ చిక్కు ఎంత దూరం పోతుందో వాషింగ్టన్ నగరం చూపింది. ఉప ఉత్పత్తుల హద్దులు పాటించడానికి 2000 సంవత్సరం నవంబరులో అక్కడ క్లోరిన్ బదులు క్లోరమీన్ (క్లోరిన్, అమోనియా కలిసి ఏర్పడే పదార్థం) వాడటం మొదలుపెట్టారు. ట్రైహాలోమీథేన్లు తగ్గాయి. కానీ అన్నాళ్లూ క్లోరిన్ వల్ల సీసపు గొట్టాల లోపల నిలిచిన పొర ఆ మార్పుతో కరిగి, ఇళ్లలోకి సీసం చేరింది. 2004లో అది బయటపడి పెద్ద దుమారం రేగిన తరువాత గొట్టాల లోపల రక్షణ పొర కట్టే ఆర్థోఫాస్ఫేట్ కలపడం మొదలుపెట్టారు. ఓజోన్ వాడితే బ్రోమైడ్ ఉన్న నీటిలో బ్రోమేట్ అనే మరో హానికర పదార్థం పుడుతుంది. చేతిపంపుల నీటిలోనూ ఇదే పాఠం ఉంది: చెరువుల్లోని సూక్ష్మజీవుల నుంచి తప్పించడానికి బంగ్లాదేశ్‌లో వేసిన గొట్టపు బావుల్లో ఆర్సెనిక్ బయటపడింది, మన నల్లగొండ, ప్రకాశం ప్రాంతాల్లో లోతు బోర్ల నీరు తేటగా ఉండి కూడా ఫ్లోరైడ్‌తో ఎముకలను వంచింది. అందుకే ఎవరైనా క్లోరిన్‌కు బదులుగా మరొక మందు పేరు చెప్పినప్పుడు, అది ఏ కొత్త చిక్కు తెస్తుందో ముందు అడగడం మంచిది.

ఇక గొట్టాల విషయం. నెదర్లాండ్స్‌లో పట్టణాలకు క్లోరిన్ మిగులు లేకుండానే నీరు పంపుతారు, దాన్ని చూపి మనకూ అక్కర్లేదని వాదించేవారు ఉన్నారు. అక్కడి గొట్టాల్లో రోజంతా ఒత్తిడి ఉంటుంది, లీకులు చాలా తక్కువ. మన దగ్గర పూటకో గంట నీరు వదిలి ఆపేస్తారు. ఆపిన తరువాత గొట్టం ఖాళీ అయి, పక్కనున్న మురుగు కాలువ నీటిని లీకుల గుండా, వాల్వు గుంటల గుండా లోపలికి పీలుస్తుంది. కొళాయికి నేరుగా మోటారు బిగించి లాగే ఇళ్లు ఆ పీల్పును ఇంకా పెంచుతాయి. ఇక్కడ క్లోరిన్ మిగులే ఆఖరి కాపలా. ప్రమాణం ప్రకారం అది లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు, వైరస్‌ల నుంచి రక్షణ కావలసినప్పుడు 0.5 ఉండాలి. చివరి వీధిలో అది సున్నా అవుతోందని కేంద్రంలోనే మోతాదు పెంచితే, దగ్గరి వీధులవారు వాసనతో ఇబ్బంది పడతారు, ఉప ఉత్పత్తులూ పెరుగుతాయి. దూరపు ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గర కొద్దిగా మళ్లీ కలపడం మేలు. ఇంకొక సంగతి: ఘాటైన బ్లీచింగ్ వాసన ఎప్పుడూ క్లోరిన్ ఎక్కువైందనడానికి గుర్తు కాదు. నీటిలో మురుగు తాలూకు అమోనియా ఉండి, దానికి క్లోరిన్ చాలకపోయినా అలాంటి వాసన వస్తుంది. మీ వీధిలో ఒక్కసారిగా వాసన మారితే ముందు లీకును అనుమానించాలి.

ఇంటి విషయానికి వస్తే, ఆర్వో మీద నాకు అంత మోజు లేదు. కరిగిన లవణాలు, ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న బోరు నీటికి అది అవసరమే. కాలువ నీటి నుంచి వచ్చే మునిసిపల్ నీటికి సాధారణంగా ఆ అవసరం ఉండదు, పైగా సగానికి మించిన నీరు వృథాగా పోతుంది. అందులోని యాక్టివేటెడ్ కార్బన్ క్లోరిన్‌నూ, ట్రైహాలోమీథేన్లలో చాలా భాగాన్నీ పట్టేస్తుంది, నిజమే. కానీ ఆ తరువాత నీటికి ఏ రక్షణా ఉండదు, సమయానికి మార్చని కార్బన్‌లో బ్యాక్టీరియా పెరుగుతుంది. ఇరవై లీటర్ల క్యాన్ల నీటికీ ఇదే వర్తిస్తుంది. మూత తీసిన గిన్నెలో బాగా మరిగేదాకా కాచితే సూక్ష్మజీవులు చస్తాయి, క్లోరోఫామ్ 61 డిగ్రీల దగ్గరే మరిగే పదార్థం కాబట్టి చాలావరకు ఎగిరిపోతుంది. అయితే క్లోరిన్ కూడా పోతుంది కనుక, కాచిన నీటిని మూతపెట్టి, చెయ్యి ముంచకుండా కాడ ఉన్న గరిటెతోనో, కుళాయి ఉన్న పాత్రలోనో వాడుకోవాలి.

అర్జీలో ఇవి అడగండి: ఫిల్టర్ దాటిన నీటి మడ్డి వేసవి అంతటా 1 ఎన్‌టీయూ (మడ్డిని కొలిచే ప్రమాణం) లోపు ఉంటోందా, మొదటి క్లోరిన్ మోతాదు ఎక్కడ పడుతోంది, బ్లీచింగ్ పౌడర్ వాడుతుంటే అందులో మిగిలిన క్లోరిన్ శాతాన్ని పరీక్షిస్తున్నారా, చివరి వీధుల్లో మిగులు ఎంత, ఏ లీకులు ఎప్పుడు సరిచేశారు. వీటికి రికార్డు ఉండాలి, సమాచార హక్కు కింద కూడా తీసుకోవచ్చు. ట్రైహాలోమీథేన్ల పరీక్షను వసతి ఉన్న ప్రయోగశాలలో ఏడాదికి ఒక్కసారైనా చేయించమని కోరండి. శాంపిల్‌ను మాత్రం ఏప్రిల్, మే నెలల్లో, కేంద్రానికి అన్నిటికంటే దూరంగా ఉన్న కుళాయి నుంచి, గాలి బుడగ లేకుండా నింపిన గాజు సీసాలో, మిగిలిన క్లోరిన్‌ను విరిచే మందు వేసి తీయాలి. డిసెంబరులో కేంద్రం గేటు పక్క కుళాయి నుంచి పట్టిన సీసా ఎప్పుడూ హద్దు లోపలే వస్తుంది.