భాషా సందేహాలు: ‘జరిగి ఉండవచ్చు’ అన్న మాటను ఇంగ్లీషులో చెప్పడం ఎలా?

ప్రశ్న: నేను ఖిలా వరంగల్‌లో పర్యాటకులకు కోటను చూపించే పని నేర్చుకుంటున్నాను. ప్రతాపరుద్రుడు ఆత్మహత్య చేసుకొని ఉండవచ్చునని చెప్పాలనుకొని, కీర్తి తోరణం దగ్గర ఒక విదేశీ మహిళతో ‘ప్రతాపరుద్ర కుడ్ హావ్ కిల్డ్ హిమ్‌సెల్ఫ్’ అన్నాను. ఆమె వెంటనే ‘మరి ఎందుకు చేసుకోలేదు?’ అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. అంతకుముందు నా నోట్సులో ‘మైట్ డైడ్’ అని రాసుకుంటే అది కూడా తప్పేనని మిత్రుడొకరు దిద్దారు. ఏది సరైనదో వివరించగలరు. (హనుమకొండ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీ వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. కానీ ఆమెకు మీరు అనుకున్న అర్థం కాక వేరే అర్థం చేరింది. ముందుగా మిత్రుడు దిద్దిన తప్పును చూద్దాం. అది సులభంగా తేలిపోతుంది.

‘చనిపోయి ఉండవచ్చు’ అన్న మన మాటలో మూడు ముక్కలున్నాయి: చనిపోయి, ఉండ, వచ్చు. వీటిని చివరి నుంచి మొదటికి చదువుకుంటూ పోతే ఇంగ్లీషు వాక్యం దానంతట అదే వస్తుంది. ‘వచ్చు’కు ‘మైట్’, ‘ఉండ’కు ‘హావ్’, ‘చనిపోయి’కి ‘డైడ్’. మనం ‘ఉండు’ అన్నచోట వాళ్లు ‘హావ్’ అంటారన్న తేడా తప్ప రెండు భాషల కట్టుబడీ ఇక్కడ అద్దంలో బొమ్మలా ఉంటుంది. ‘మైట్ డైడ్’ అనడమంటే తెలుగులో నడిమి ముక్కను మింగేసి ‘చనిపోయివచ్చు’ అన్నట్టే. మన చెవికి అది ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో వాళ్ల చెవికి ఇదీ అంతే. ఒకప్పుడు ‘మే’కు భూతకాల రూపం ‘మైట్’, ‘క్యాన్’కు భూతకాల రూపం ‘కుడ్’. కాలక్రమంలో ఇలాంటి ఊహలు చెప్పేటప్పుడు ఆ రూపాలు గతాన్ని సూచించే శక్తిని కోల్పోయాయి, ఆ బరువును ‘హావ్’ మోయవలసి వచ్చింది. అందుకే కర్త ఎవరైనా అది ‘హాజ్’గానో ‘హాడ్’గానో మారదు, దాని తర్వాత క్రియ మూడో రూపమే రావాలి. ‘హీ మైట్ హాజ్ గాన్’, ‘హీ మైట్ హావ్ వెంట్’ అనే రెండూ మన విద్యార్థుల జవాబు పత్రాల్లో తరచుగా కనబడే తప్పులే.

ఇక ఆ విదేశీ మహిళ ప్రశ్న. ‘కుడ్ హావ్’కు రెండు ముఖాలున్నాయి. ఒకటి, జరిగిందో లేదో తెలియని సంగతిని ఊహించడం. రెండోది, వీలుండి కూడా జరగకపోయిన దాన్ని చెప్పడం. తెలుగులో ఈ రెండింటికీ వేరువేరు రూపాలున్నాయి కాబట్టి మనకు గందరగోళం ఉండదు. ‘తప్పించుకొని ఉండవచ్చు’ అంటే తెలియదని, ‘తప్పించుకోగలిగేవాడే’ అంటే తప్పించుకోలేదని అర్థం. సందర్భం చెప్పకుండా ‘హీ కుడ్ హావ్ ఎస్కేప్డ్’ అంటే ఎక్కువమందికి రెండో అర్థమే ముందుగా తోస్తుంది. ఆమెకూ అదే తోచింది. కాబట్టి నిజంగా తెలియని సంగతులకు ‘మే హావ్’ వాడండి. అందులో ‘జరగలేదు’ అన్న ధ్వని లేదు. ‘మైట్ హావ్’ కూడా తప్పు కాదు గానీ, అది ఆ రెండో అర్థం వైపూ జారగలదు. హెల్మెట్ పుణ్యాన బతికి బయటపడ్డవాడి గురించి, ‘లేకపోతే ప్రాణం పోయేదే’ అన్న అర్థంలో ‘హీ మైట్ హావ్ డైడ్’ అంటాం. మనిషి ఎదురుగా నిలబడి ఉండగా ‘హీ మే హావ్ డైడ్’ అనడాన్ని చాలామంది వ్యాకరణవేత్తలు ఒప్పుకోరు. నా మాట కూడా అదే.

అయితే మీ వాక్యంలో ఊహగా చెప్పవలసింది ఎంతో కూడా ఒకసారి చూసుకోండి. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యానికి చిక్కిన తర్వాత బందీగా తీసుకుపోతుండగా ప్రతాపరుద్రుడు సోమోద్భవ, అంటే నర్మదా నది, ఒడ్డున మరణించాడని, కాకతీయుల తర్వాత పాలించిన ముసునూరి ప్రోలయ నాయకుని విలస తామ్రశాసనం చెబుతున్నది. ఇక్కడ ఊహ అక్కరలేదు. శాసనం ప్రకారం అని ముందే చెప్పి ‘డైడ్’ అంటే చాలు. 1423 నాటి కలువచేరు శాసనం మాత్రం ఆయన తన ఇష్టంతోనే దేవలోకానికి వెళ్లాడని అంటున్నది. ఆ రెంటినీ కలిపి చదివిన చరిత్రకారులు ఆత్మహత్యను ఊహించారు. కాబట్టి ‘మే హావ్’ ఆ రెండో సంగతికే చెందుతుంది: ‘హీ డైడ్ ఆన్ ద బ్యాంక్స్ ఆఫ్ ద నర్మద, హీ మే హావ్ టేకెన్ హిజ్ ఓన్ లైఫ్.’

రుద్రమదేవి విషయంలో మీకు ఇంతకన్నా చక్కని ఉదాహరణ దొరుకుతుంది. ఉమ్మడి నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి శాసనం ఒకటున్నది. రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకునికీ పుణ్యంగా చేసిన దానాన్ని అందులో నమోదు చేశారు. దాన్ని ఆధారం చేసుకొని ఆమె అప్పటికే మరణించిందని తేల్చారు కాబట్టి అక్కడ ‘మస్ట్ హావ్ డైడ్’ అనాలి. మన ‘మరణించే ఉండాలి’ అదే. ఆమెపై తిరగబడ్డ కాయస్థ నాయకుడు అంబదేవునితో జరిగిన యుద్ధంలోనే మరణించిందా అన్న విషయం శాసనంలో లేదు. అక్కడ ‘మే హావ్ డైడ్’ దగ్గరే ఆగాలి. ఒకే మనిషి గురించి, ఒకే శాసనం ముందు నిలబడి, ఒక వాక్యంలో ‘మస్ట్’, పక్క వాక్యంలో ‘మే’ పెట్టవలసి వస్తుంది.

ప్రశ్న: ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తాను, కంపెనీలకు ఈమెయిళ్లు కూడా నేనే పంపుతాను. ‘లారీ నిన్ననే చేరి ఉండాలి’ అన్నదాన్ని ‘మస్ట్ హావ్ రీచ్డ్’ అని రాయాలా, ‘షుడ్ హావ్ రీచ్డ్’ అని రాయాలా? ‘చేరి ఉంటుంది’ అంటే ఏం రాయాలి? (వరంగల్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఈసారి చిక్కు తెలుగులోనే ఉంది. మీ ‘ఉండాలి’లో రెండు ఉద్దేశాలు దాగి ఉన్నాయి. డ్రైవర్ అర్ధరాత్రి ఊరు దగ్గరపడ్డానని ఫోన్ చేశాడు కాబట్టి చేరే ఉంటుందని మీ నమ్మకమైతే ‘మస్ట్ హావ్’ రాయండి. లెక్క ప్రకారం నిన్న చేరవలసింది, చేరిందో లేదో సమాచారం లేదు, లేదా చేరనే లేదు అంటే ‘షుడ్ హావ్’ రాయండి. మిర్చి బస్తాలు అందలేదని అవతలివారు ఫిర్యాదు చేసినప్పుడు మీరు ‘మస్ట్ హావ్ రీచ్డ్’ అని జవాబిస్తే, అవి చేరాయనే మీరు వాదిస్తున్నట్టు అవుతుంది. రెండు అక్షరాల తేడాతో తగవు పెరుగుతుంది.

‘చేరి ఉంటుంది’ అన్నది నా దృష్టిలో ‘మస్ట్ హావ్’కు దగ్గర. చాలామంది దాన్ని ‘మైట్ హావ్’ అని అనువదిస్తారు గానీ, ‘వాడు ఇంటికి పోయుంటడు’ అని మన ఇళ్లలో అన్నప్పుడు ఆ మాటలో సందేహం కన్నా నమ్మకమే ఎక్కువ. అంత గట్టిగా చెప్పడం ఇష్టం లేకపోతే ‘హాజ్ ప్రాబబ్లీ రీచ్డ్’ అనండి. సందేహానికి మనకు ‘పోయిండేమో’ ఉండనే ఉంది.

వ్యతిరేకార్థంలో మరో జాగ్రత్త అవసరం. ‘మైట్ నాట్ హావ్ రీచ్డ్’ అంటే చేరకపోయి ఉండవచ్చు అని మాత్రమే. ‘కుడ్ నాట్ హావ్ రీచ్డ్’ అంటే చేరి ఉండే అవకాశమే లేదని. ‘మస్ట్ హావ్’కు ఎదురుమాటగా బ్రిటిష్ ఇంగ్లీషులో సాధారణంగా ‘కాంట్ హావ్’ వాడతారు. అమెరికాలో ‘మస్ట్ నాట్ హావ్’ కూడా వినబడుతుంది.

ప్రశ్న: ఇంగ్లీషు వీడియోల కింద వచ్చే అక్షరాల్లో ‘కుడ్ ఆఫ్’, ‘షుడ్ ఆఫ్’ అని కనబడుతోంది. అది కూడా ఒప్పేనా? (కరీంనగర్ నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: కాదమ్మా. వేగంగా మాట్లాడేటప్పుడు ‘హావ్’లోని ‘హ’కారం జారిపోయి ‘కుడవ్’, ‘మైటవ్’, ‘మస్టవ్’ అని వినబడుతుంది. ‘ఆఫ్’ అనే చిన్న మాటను కూడా వాళ్లు అలాగే పలుకుతారు కాబట్టి చెవికి విన్నదాన్ని అలాగే రాసేవాళ్లు ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లలోనే ఎక్కువ. మన పిల్లలు వ్యాకరణం పుస్తకంలో చూసి నేర్చుకుంటారు కాబట్టి ఈ ఒక్క తప్పు మాత్రం మన దగ్గర తక్కువ. పలకడం ‘కుడవ్’ అని నేర్చుకో, పరీక్షలో మాత్రం ‘కుడ్ హావ్’ అని విడదీసి రాయి.